మాసయ్య మీద పరిచిన బండ

గుండ్లబాయి ఎరికే గదా మీకు, ఊరి పడమర, చింతచెట్టు వంగి సగం నీడ బాయిల పడ్తది సూడుండ్రి, అదే. మోట ఆగిపోయినంక అటు ఎవ్వరు పోరు. నేను చెప్పేది రాత్రి సంగతి కాదు, రాత్రి అక్కడ కప్పలు తప్ప ఏం లేవు. అక్కడ భయమంతా మిట్టమధ్యాహ్నమే. దగ్గరికి జరుగుండ్రి, గట్టిగ చెప్పే కథ కాదిది.

ఎనకట మన ఊర్ల మాసయ్య అని కిన్నెర వాయించేటోడు ఉండె. మీరు కిన్నెర యాడ సూసిన్రు? ఒక వెదురు బొంగు, దాని కింద సొరకాయ బుర్రలు, మీద తీగలు, అంతే. గని ఆయన దాన్ని ఒళ్లె పెట్టుకొని కరువుల ఊరిడిసి పోయినోళ్ల పాట, బిడ్డ సచ్చిన తల్లి పాట ఎత్తుకుంటే, చాటల బియ్యం పట్టుకొని వాకిట్ల నిలబడ్డ ఆడోళ్లు బియ్యం పొయ్యడం మరిచిపోయి ఏడ్సేటోళ్లు. ఊరూరు తిరుగుడే ఆయన బతుకు. పెండ్లాం సవారమ్మ మేకలు కాసుకుంట ఇంటికాడ ఉండేది. ఒక్క పాట నా కోసం పాడవా అని ఆమె అడిగితే, ఊర్లన్నీ పాడి వచ్చిన, గొంతు లేదు, బువ్వ పెట్టు అనేటోడంట. అట్ల మొగని పాట లోకమంతా విన్నది, ఆమె మాత్రం సాంతం ఎన్నడు వినలె.

ఆయన సచ్చిపోతే ఆ చింతచెట్టు కిందనే పూడ్చిండ్రు, కిన్నెరను సుత పక్కన పెట్టిండ్రు. ఆ ఎండకాలమే ఈ సంగతి మొదలైంది. ఎండ నెత్తిమీదికొచ్చినంక మట్టి కింద నుంచి కిన్నెర వినవడ్తున్నదని మేకలోళ్లు ఉరికొచ్చిండ్రు, ఊరు ఆ దారి ఇడిసిపెట్టింది. మరి సవారమ్మ ఏం చేసింది? మేకలను సీదా అటే తోలింది. కొంగు పరుచుకొని కూసొని, బతికినన్నాళ్లు దొరకని తీరిక ఇప్పుడు దొరికిందా నీకు అని తిట్టుకుంట తిట్టుకుంట విన్నది. భయమెందుకు, మొగడే గదా. ఇగ రోజు అదే పని, నెత్తికి నూనె పెట్టుకునుడు సుత మల్ల మొదలువెట్టింది, ఆడోళ్లు చెవులు కొరుక్కున్నరు.

అట్ల కొన్ని ఏండ్లు నడిచినంక, ఆ బాయి చుట్టున్న చెల్క భూమి కొన్న ఆసామి బాయి పూడ్చి ట్రాక్టరుతోని దున్నిస్త అన్నడు. మాసయ్యను పూడ్చిన మట్టికుప్పకు ఏం గుర్తున్నది, ఒక్క దుక్కి సాలు పడితే పోతది. సవారమ్మ ఉరికి పోయి సర్పంచు కాళ్ల మీద పడ్డది. ఆయన మంచోడే, చిన్నప్పుడు మాసయ్య పాట విన్నోడే, పట్నం నుంచి కళాకారుల సంఘమోళ్లను పిలిపించిండు, ఎన్ని తరాలైనా చెక్కుచెదరని రాతి సమాధి కట్టిద్దాం అనుకున్నరు. ఆసామి సుత ఆ జాగ ఇడిసిపెట్టిండు. ఎట్ల కట్టాల్నమ్మా అని ఆమెనే అడిగిండ్రు, అప్పుడు ఆమె నోటితోనే అన్నది, "తల నుంచి కాళ్ల దాక ఒక్కటే పెద్ద బండ పరువుండ్రి సారూ. ఆయన మీద పిడికెడు మట్టి సుత బయటికి కనపడొద్దు."

అట్లనే చేసిండ్రు. నల్లబండ, మీద ఆయన పేరు, పేరు కింద చెక్కిన కిన్నెర. మైకు పెట్టిండ్రు, దండలేసిండ్రు, ఆయనను అరుగు ఎక్కనియ్యనోళ్లు సుత వచ్చి మాసయ్య మన ఊరి బంగారం అన్నరు. ఆమెకు శాలువ కప్పితే ఆ పూట ఆమె నవ్వు సూడాల్నంట.

తెల్లారి మధ్యాహ్నం పోయి కూసున్నది. సప్పుడు లేదు. అలిగినవా అన్నది. జనాన్ని సూసి బెదిరినవా అన్నది. ఎండ వాలింది, మేకలు వాటంతటవే ఇంటిదారి పట్టినయి, ఆమె లేవలె. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. బండకు చెవి ఆనించి పండుకుంటే చెంప కాలి బొబ్బ లేచింది గని లోపల తీగ కదల్లె. ఇగ సర్పంచు ఇంటికి పోయి బండ తీపియ్యి బిడ్డా అన్నది. ఎందుకమ్మా అంటే ఏం చెప్తది? చెప్తే దయ్యమని మంత్రగాన్ని పట్టుకొస్తరు, నాలుగు దిక్కుల మేకులు కొట్టిస్తరు. సర్పంచు మెత్తగనే చెప్పిండు, "అందరం చేతులేసి పెట్టిన రాయమ్మా, తీస్తే ఆయన పరువు తీసినట్టయితది." ఆమెనే గడ్డపార తీసుకపోయింది. ముసలి పానం, ఎంత లేపుతది? మూలకు చిన్న పెచ్చు లేచింది, అంతే.

ఆ వానకాలంలనే పోయింది. పోయేటప్పుడు చెల్లెను పిలిచి, "నన్ను ఆయన పక్కన్నే పెట్టు, నా మీద మాత్రం రాయి పెట్టకు" అన్నదంట. రాయి పెట్టలె. గడ్డి మొలిసింది.

ఇప్పుడు ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు ఒక ముసలామె ఆ బండ పక్కన కూసొని ఉంటది, దారిన పోయేటోన్ని పిలిచి, నీకేమన్న వినవడ్తున్నదా బిడ్డా అని అడుగుతది. ఏమీ చెయ్యది, అడుగుడే. వినవడ్తున్నది అన్నోన్ని పక్కన కూసోపెట్టుకొని ఏం పాటనో చెప్పమంటది, వాడు యాడికెల్లి చెప్తడు? వినవడ్తలేదు అంటే కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తది, ఆ ఏడుపు విన్నోనికి ఆ పూట బువ్వ లోపలికి పోదు. మీ దగ్గర జవాబు ఉన్నదా? లేదు గదా. మరి రేపు మేకలను ఎడ్లబండ్ల బాట మీద నుంచి తోలుకపోండ్రి, జర దూరమైతే అయింది.