బారెడుకి బయటికెళ్ళడం నేర్పిన వైనం

ఆదివారం పొద్దున కటింగ్ షాపులో కుర్చీ ఒక్కటే, గడ్డాలు మాత్రం చాలా. కుర్చీలో గేరు బాబాయి బావమరిది మెడదాకా తెల్లగుడ్డ కప్పుకుని కూర్చున్నాడు, మొహం నిండా నురగ. బెంచీ మీద ఒక పక్క టైలరు, ఇంకో పక్క మందుల షాపాయన, మధ్యలో గేరు బాబాయి. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు కాబట్టి ఆయనకా పేరు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. మిగతా సగం మంది ఆయన శిష్యులు ఎదురైతే పక్కకి తప్పుకోవడం నేర్చుకున్నారు.

మందుల షాపాయన చేతిలో పేపరు మడిచి, కుక్కపిల్లని తెచ్చుకుందామని ఇంట్లో ఆవిడ పోరు పెడుతోందని, ఇల్లంతా పాడు చేస్తుందేమోనని తనకి భయంగా ఉందని అన్నాడు. గేరు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"కుక్క ఇల్లు పాడు చెయ్యదయ్యా, మనం నేర్పకపోతే ఇల్లు పాడవుతుంది. నేర్పడమంటావా, అది నా పని. మనిషైనా ఒకటే, కుక్కైనా ఒకటే. మా బారెడునే చూడు."

"బారెడు ఎవరు?" అన్నాడు టైలరు.

"మా కుక్క. డాషండ్ అంటారు ఆ జాతిని. బెత్తెడు కాళ్ళు, బారెడు ఒళ్ళు, చేటల్లాంటి చెవులు. ముందు సగం వంటింట్లోకి వెళ్ళిపోయాక కూడా వెనక సగం ఇంకా హాల్లో నిలబడి, వెళ్దామా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది. నా దగ్గర కారు నేర్చుకుని, లైసెన్స్ పరీక్ష తప్పీ తప్పీ చివరికి పాసైన ఒకావిడ, పసికూనగా ఉన్నప్పుడు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పాసైన సంతోషంతో ఇచ్చిందనుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళాక అనుమానమొచ్చింది, తప్పినప్పుడల్లా నేను తిట్టినవన్నీ గుర్తుపెట్టుకుని ఇచ్చిందేమోనని.

"మొండితనమంటే అలాంటిలాంటి మొండితనం కాదు. కిందికి తీసుకెళ్తే గడ్డి తడిగా ఉందని నిలబడిపోతాడు. ఎండ వచ్చాక తీసుకెళ్తే చీమ వెనకాల పోతాడు. వెళ్ళిన పని తప్ప అన్నీ చేస్తాడు. సరే, రావట్లేదు కాబోలని పైకి తీసుకొస్తే, నేను తలుపు గడియ పెట్టేలోపల డోర్‌మ్యాట్ మీద పని కానిచ్చేసి, ఎంతో మర్యాదగా నా మొహంలోకి చూస్తాడు. ఆ మ్యాట్‌ని ఉతికీ ఉతికీ మా ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. ఓ రోజు బకెట్ కింద పెట్టి ఏమందో తెలుసా? 'చూడండి, ఈ ఇంట్లో వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఊళ్ళో అందరికీ నేర్పుతారుగా, వాడికి నేర్పండి చూద్దాం' అంది. కావాలంటే మా బావమరిదిని అడగండి, వాళ్ళక్కే కదా."

బావమరిది "ఊఁ" అన్నాడు. కత్తి అప్పుడే చెంప మీద నడుస్తోంది.

"విన్నారుగా. ఇంక చూస్కో, నేను రంగంలోకి దిగాను. కొట్టలేదు, తిట్టలేదు. తిండి తిన్నాక ఓసారి, నిద్ర లేచాక ఓసారి, ఆడి అలిసిపోయాక ఓసారి, ఎప్పుడూ అదే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. పని చేస్తే అక్కడికక్కడే ఓ బిస్కెట్ ముక్క. ఇంటికొచ్చాక ఇస్తే ఇంటికొచ్చినందుకు ఇచ్చారనుకుంటాడు. ఒకనాడు జోరున వాన పడుతోంది. వాడు గేటు దగ్గరే కూలబడ్డాడు. నేను గొడుగు విప్పి పట్టాను. నాకు కాదు, వాడికి. నేను తడుస్తూ నిలబడ్డాను. వాడు నన్ను చూస్తాడు, నేను వాణ్ణి చూస్తాను. ఉలకడు, పలకడు. ఎవరు ముందు లొంగుతారా అని ఇద్దరికీ పంతం. చివరికి వాడే కాలెత్తాడు."

"ఇంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు టైలరు మందుల షాపాయనతో.

"కాలెత్తాడు కదా అని అక్కడితో వదిలేస్తానా. చెయ్యడం వేరు, కావాలని అడగడం వేరు. బండి తిప్పే ముందు సిగ్నల్ ఇవ్వాలా వద్దా? పాత కారుకున్న హారన్ ఊడదీసి, తలుపు పక్కన వాడి ముక్కుకి అందేంత కిందుగా బిగించాను. ఒక్కసారి కొడితే ఒంటికి, రెండుసార్లు కొడితే రెంటికి. వాడు వెంటనే పట్టేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి తియ్యకుండా పొడుగ్గా కొట్టడం మొదలుపెట్టాడు."

"చెయ్యి కాదు, ముక్కు" అన్నాడు టైలరు.

"ముక్కే. పొడుగ్గా ఎందుకంటే, అర్జెంటని. కానీ ఆ మోతకి కింది ఇంట్లోవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని తనకే అనిపించినట్టుంది, నేను చెప్పకుండానే మానేశాడు. చెవులతో సిగ్నల్ ఇచ్చేవాడు. ఎడమ చెవి ఎత్తితే ఒంటికి, కుడి చెవి ఎత్తితే రెంటికి."

"రెండూ ఎత్తితే?" అని అడిగాడు మందుల షాపాయన. పేపరు పక్కన పెట్టేశాడు.

"పార్కింగ్ లైట్లు. అలా గాలికి కాసేపు నిలబడదాం రమ్మని. మీరు వాణ్ణి చూసి మామూలు కుక్కనుకుంటారు. వీధి కుక్కలు అలా అనుకోలేదు. వాడు చెట్టు దగ్గరికి వెళ్తుంటే అన్నీ వెనకాల వరసలో వచ్చేవి. ముందు బండికీ వెనక బండికీ ఎంత దూరం ఉండాలో అంత దూరం. ఎవడైనా దారిలో స్కూటర్ చక్రం చూసి ఆశపడి కాలెత్తాడనుకో, బారెడు ఊరికే వెనక్కి తిరిగి చూసేవాడు. అంతే, వాడు ఎత్తిన కాలు దించడానికి కూడా ధైర్యం చాలక, మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ చెట్టుదాకా రావాల్సిందే."

"నా షాపు ముందు స్తంభాన్ని రోజూ తడిపే నల్లకుక్క సంగతేంటి మరి?" అన్నాడు టైలరు.

"అది మా వీధిది కాదు. మావాడు నీ వీధికి కూడా వస్తాడులే, తీరిక దొరకనీ. కుక్కల సంగతి ఎందుకు, మనుషుల్ని చెప్తా విను. మా తోడల్లుడి కూతురు, నడక నేర్చుకుంటోంది, మా ఇంటికి తీసుకొచ్చారు. పెద్దవాళ్ళందరం కబుర్లలో పడ్డాం. ఆ పిల్ల మూల నిలబడి మొహం అదోలా పెట్టింది. మాకెవరికీ తెలీలేదు, బారెడుకి తెలిసింది. గౌను అంచు పళ్ళతో సుతారంగా పట్టుకుని బాత్రూందాకా నడిపించి, లోపలికి పంపించి, వాడు గుమ్మం బయట అటు తిరిగి నిలబడ్డాడు. అంత మర్యాదస్తుడు. ఆ మాట నలుగురికీ పాకింది. మర్నాటినుంచి పిల్లల్ని చంకనేసుకుని తల్లులు మా మెట్ల మీద బారులు తీరారు. నా డ్రైవింగ్ స్కూలుకి కూడా ఎప్పుడూ అంతమంది రాలేదు."

కటింగ్ షాపాయన కత్తి పైకి తీసి పట్టుకున్నాడు. "బాబాయ్, నన్ను నవ్వించకు. కింద ఈయన మెడ ఉంది."

"నవ్వడానికేముంది ఇందులో. వంటింట్లో కుళాయి బొట్లు బొట్లుగా కారేది. వాడికి నచ్చలేదు. సింకు కింద కూర్చుని పైకి దానికేసే చూశాడు. ప్లంబర్ వచ్చేసరికి చుక్క లేదు. అతను విప్పి చూస్తే లోపల వాషర్ అరిగి పొడుమైపోయి ఉంది. మరి నీళ్ళెలా ఆగాయి బాబాయ్ అని నన్నే అడిగాడు. ఏం చెప్పను, కుళాయి సిగ్గుపడింది. ఇదే వింత అనుకుంటే, పై ఇంటివాళ్ళ పైపు పగిలి మా హాలు గోడ చెమ్మగిల్లింది. గోడ కక్కుర్తిపడి లోపలే కానిచ్చిందనుకున్నాడు వాడు. గోడకి వంటింటి వైపున్న మేకుని పళ్ళతో పట్టుకుని వెనక తలుపు వైపు లాగడం మొదలుపెట్టాడు, నువ్వు కూడా బయటికి నడు అని. నేను ఆపేలోపల జానెడు జరిగింది."

"మేకా?" అన్నాడు టైలరు.

"గోడ. ఇప్పుడు మా హాలు కాస్త పెద్దది, వంటిల్లు కాస్త చిన్నది. మా ఆవిడకి గిన్నెలు సర్దుకోవడం కష్టంగా ఉంది గానీ, ఎవర్ని అంటాం.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మొన్నామధ్య మా మేడ మీదికి ఓ మేఘం వచ్చింది. నల్లగా, నిండుగా, ఇంక ఆగలేను అన్నట్టుంది. మేడ మీద అన్ని ఇళ్ళవాళ్ళూ దుప్పట్లు ఆరేసుకున్నారు. ఆడవాళ్ళు పరిగెత్తారు. వాళ్ళకంటే ముందు బారెడు మెట్లెక్కాడు, పొట్ట ఒక్కో మెట్టుకీ రాసుకుపోతున్నా లెక్కచెయ్యకుండా. పైకి చూశాడు. మొరగలేదు, గుర్రుమనలేదు. చూశాడంతే. మేఘం ఆపుకుంది. ఎంత అవస్థపడి ఆపుకుందంటే, మొహమంతా ఎర్రబడిపోయింది. ఊళ్ళోవాళ్ళు సాయంత్రమైంది కాబోలనుకున్నారు. అప్పుడు బారెడు ముక్కుతో ఊరవతలి మైదానం వైపు చూపించాడు. మేఘం అలాగే బిగపట్టుకుని, ఇన్ని ఇళ్ళ మీంచి ఒక్క చుక్క జారనివ్వకుండా వెళ్ళి, మైదానం మధ్యలో పని కానిచ్చింది."

టైలరు వంగి గుమ్మంలోంచి ఆకాశంకేసి చూశాడు.

"తర్వాత?" అన్నాడు మందుల షాపాయన.

"తర్వాతేముంది, బారెడు నా జేబుకేసి చూశాడు. బాగా చేసినవాళ్ళకి బిస్కెట్ ఇవ్వాలి కదా. మేఘానికి ఎలా ఇవ్వాలో తెలీక నేనే తినేశాను."

గేరు బాబాయి ఒక చెయ్యి మందుల షాపాయన భుజం మీద వేశాడు. గొంతు కాస్త తగ్గించాడు.

"అందుకే చెప్తున్నా. కొత్త కుక్కపిల్లని తెచ్చుకుని మొదటినుంచి తంటాలు పడటం దేనికి? బారెడునే తీసుకెళ్ళు. నువ్వు కాబట్టి అంటున్నాను, ఇంకొకరికైతే నోరు కూడా తెరవను. గొలుసు, గిన్నె, పరుపు అన్నీ పట్టుకుని సాయంత్రం నేనే మీ ఇంటికి తెచ్చి అప్పగిస్తా."

మందుల షాపాయన ఆ చేతిని చూసి, ఆయన మొహం చూశాడు. "మేఘాలకి దారి చూపించే కుక్కని నువ్వెందుకు వదులుకుంటున్నావు బాబాయ్?"

గేరు బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అంటే, మా ఇంట్లో వాడికి పనేం మిగల్లేదు. అంత తెలివైనవాణ్ణి ఊరికే కూర్చోబెడితే పాడైపోతాడు."

గడ్డం అయిపోయింది. కటింగ్ షాపాయన తడిగుడ్డతో మొహం తుడిచి, తెల్లగుడ్డ విప్పి దులిపాడు. బావమరిది చెంపలు తడుముకుంటూ కుర్చీ ఇటు తిప్పాడు.

"బావా, అక్కకి తెలుసా ఇది?"

"చెప్తాను."

"అక్క ఒప్పుకోదు. వాడు ఇప్పుడు అక్క కాళ్ళ దగ్గర తప్ప పడుకోడు. బయటికి కూడా చక్కగా వెళ్తున్నాడు. అక్క తీసుకెళ్తే ఇలా చెట్టు దగ్గరికి వెళ్ళి అలా వచ్చేస్తాడు. నేర్పింది అక్కే కదా."

టైలరు నవ్వబోయి, గేరు బాబాయి మొహం చూసి ఆగాడు.

"మరి నిన్న?" అన్నాడు గేరు బాబాయి. ఇందాకటి గొంతు కాదది. "నిన్న నేను తీసుకెళ్ళాను. కాళ్ళు లాగేదాకా నిలబడ్డాను. ఏమీ లేదు. పైకి తీసుకొచ్చి తలుపు తియ్యగానే మ్యాట్ మీద. నా దగ్గర కారు నేర్చుకునే లెక్చరర్ గారు అప్పుడే మెట్లెక్కి వస్తున్నారు, అంతా చూశారు. చూసి, 'మీకు కూడా మాట వినని శిష్యులున్నారన్నమాట' అన్నారు. నిన్న ఒక్కరోజే కాదు, నేను తీసుకెళ్ళిన ప్రతిసారీ అంతే. నేనంటే వాడికి లెక్కలేదు."

ఆ మాటల్లో కోతలేం లేవు. కటింగ్ షాపాయన కత్తి కడుగుతూ వెనక్కి తిరగలేదు.

"లెక్కలేక కాదు బావా" అన్నాడు బావమరిది. "నేను చాలాసార్లు మీ బాల్కనీలోంచి చూశాను. చెట్టు దగ్గరికి వెళ్ళగానే నువ్వు మొదలుపెడతావు, 'నేను మొదటిసారి లారీ ఎక్కినప్పుడు ఏమైందో తెలుసా' అని. వాడు కాలెత్తబోయేవాడు కాస్తా ఆగిపోతాడు. కూర్చుంటాడు. తల ఓ పక్కకి వాల్చి, నీ మొహమే చూస్తూ వింటాడు. నువ్వు చెప్తూనే గేటు దాటతావు, చెప్తూనే మెట్లెక్కుతావు. తాళం తీసేటప్పుడు కదా నువ్వు నోరు మూసేది. అక్కడుంది మ్యాట్. వాడేం చేస్తాడు పాపం."

గేరు బాబాయి తన చెప్పులకేసి చూసుకున్నాడు. ఆయన కథ మొదలుపెట్టగానే ఇంట్లో ఆవిడకి పొయ్యి మీద ఏదో గుర్తొస్తుంది. కారు నేర్చుకునేవాళ్ళకి రోడ్డు మీదే చూపు. ఈ షాపులో అయితే ఎవరి వంతు రాగానే వాళ్ళు లేచిపోతారు.

"మొత్తం వింటాడా?" అన్నాడు.

"చివరిదాకా."

మందుల షాపాయన పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, "సాయంత్రం ఎన్నింటికి తెస్తావు మరి?" అని అడిగాడు.

"నువ్వు వేరే కుక్కని చూసుకో" అన్నాడు గేరు బాబాయి. తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "మీ అక్క ఏం చేస్తుంది అక్కడ?"

"ఏం చెయ్యదు. మాట్లాడకుండా నిలబడుతుంది."

"ఎంతసేపు?"

"వాడి పని అయ్యేదాకా."

"అంతసేపా" అన్నాడు గేరు బాబాయి.