కలిపి ఎక్కించకూడనివి

మధ్యాహ్నం. వంటింటి బల్ల దగ్గర లారీ నడిపే కోడలు, ఎదురుగా రిటైరైన లెక్కల మాస్టారు ఆమె మామగారు. మధ్యలో ప్రమాదకరమైన సరుకుల రవాణా పుస్తకం. పరీక్ష రేపు పదకొండింటికి.

“వేలిముద్రలు ఇవ్వాలి, ఇచ్చావు. డాక్టరు కాగితం తేవాలి, తెచ్చావు. ఫొటో, ఫీజు రసీదు, పాత లైసెన్సు నకలు, అన్నీ సంచిలో పడ్డాయి. కళ్ళజోడు తుడుచుకోవాలి. పెన్సిలు చెక్కుకోవాలి.”

“కంప్యూటరు మీద పరీక్షకి పెన్సిలెందుకు మామయ్యగారూ?”

“పరీక్ష అన్నాక పెన్సిలుండాలమ్మాయ్. చేతికి ధైర్యం. ఇంక మిగిలింది ఒకటే, తొమ్మిది రకాల సరుకూ అప్పజెప్పడం. లే, నిలబడు.”

“కూర్చుని చెబితే రాదా? కూర తరుగుతున్నాను.”

“కూర్చుని చదివే రెండుసార్లు తప్పావు. ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. నా ఇంట్లో మనిషి మూడోసారి కూడా తప్పితే ఏ మొహం పెట్టుకుని వీధిలోకి వెళ్ళను?”

“మీ మొహం సంగతి తర్వాత, నా సంగతి చూడండి. ఈసారి తప్పితే పెట్రోలు ట్యాంకరు ఇంకో డ్రైవరుకి ఇచ్చేస్తానని మేనేజరు తెగేసి చెప్పాడు. ట్యాంకరైతే పొద్దున డిపోలో నింపుకుని, బంకుల్లో దింపేసి, చీకటి పడకముందే ఇంట్లో ఉంటాను. లేదంటే ఆ సిమెంటు లారీయే గతి. వారానికి నాలుగు రాత్రులు క్యాబిన్లో ముడుచుకుని పడుకోవడమే. నిన్న నేను వచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు, పాప ‘అమ్మా, మళ్ళీ ఎప్పుడు వెళ్తావు’ అనడిగింది.”

“అందుకే నిలబడమంటున్నాను. ఊ. ఒకటి?”

“పేలేవి.”

“రెండు?”

“గ్యాసులు.”

“మూడు?”

“మండే ద్రవాలు. పెట్రోలూ అవీ.”

“నాలుగు?”

“మండే గట్టి సరుకు. తడిస్తే అంటుకునేవి కూడా ఇందులోనే.”

“ఎందుకు నవ్వుతున్నావు?”

“నవ్వలేదే.”

“నవ్వావు. ‘తడిస్తే’ దగ్గర నవ్వావు. ‘పేలేవి’ దగ్గర కూడా పెదవి కదిలింది. వెనక బెంచీల మీద ముప్పయ్యేళ్ళు కన్నేసి ఉంచినవాణ్ణి, నా దగ్గరా? ఇంతకీ ఈ పుస్తకం అంచుల్లో బొమ్మలేమిటి? కొప్పు పెట్టుకుని, ఇదెవరు?”

“ఎవరూ కాదు. ఊరికే గీశాను.”

“ఈ కొప్పు మా అక్కయ్యది.”

“కోప్పడనంటే చెబుతాను.”

“కోప్పడను.”

“మీరు నిజంగానే కోప్పడరు. అదే నా భయం. గుర్తుండటానికని ఒక్కో రకానికీ మన ఇంట్లో ఒక్కొక్కళ్ళని పెట్టుకున్నాను. ఒకటోది, పేలేవి, పెద్దత్తయ్య.”

“ఊ. తర్వాత?”

“అదేమిటి, మీ అక్కగారిని అంటే ఏమీ అనరా?”

“ఉన్నమాటకి ఏమంటాను. రెండు?”

“గ్యాసు మా మరిది. కంటికి కనబడడు, పట్టుకుందామంటే చిక్కడు. మూత తీశామా, ఇల్లంతా తనే.”

“తడిస్తే అంటుకునేది?”

“మా ఆడపడుచు. కళ్ళు తడవనంతసేపూ బంగారం.”

“మొన్న ఫోన్లో ఏడ్చినప్పుడు రెండిళ్ళు అంటుకున్నాయి. బాగా కుదిరింది. ఏడు, రేడియోధార్మికం?”

“అది వద్దులెండి.”

“పరీక్షలో వద్దంటే ఊరుకుంటారా?”

“అత్తయ్యగారు. మెల్లగా, మెల్లగా. గోడల్లోంచి కూడా దూరిపోతుందని పుస్తకంలోనే ఉంది. పడగ్గదిలో గుసగుసలాడితే ఆవిడకి పెరట్లో వినబడుతుంది.”

“వినబడుతోందే. పెరట్లోనే ఉన్నాను. ముందు చదువుకో.”

“చూశారా మామయ్యగారూ.”

“నలభయ్యేళ్ళుగా చూస్తున్నాను. ఎనిమిది?”

“ఆమ్లాలు. చప్పుడు చేయకుండా చుక్కచుక్కగా తినేస్తాయి. మా తోడికోడలు.”

“ఇంత పక్కాగా పెట్టుకుని మరి ఎలా తప్పావు?”

“ఆ ముక్క మాత్రం అడక్కండి.”

“అడుగుతున్నాను.”

“కిందటిసారి ఒక్క మార్కులో పోయింది. ఒకటో రకాన్నీ ఎనిమిదో రకాన్నీ ఒకే బండిలో ఎక్కించొచ్చా అని ప్రశ్న. పెద్దత్తయ్యకీ తోడికోడలికీ మూడేళ్ళుగా మాటల్లేవు కదా, కాబట్టి చచ్చినా ఎక్కించకూడదని కంఠతా పట్టాను. సరిగ్గా పరీక్షకి ముందురోజు వాళ్ళిద్దరూ చెప్పులు కొనుక్కోవడానికి ఒకే స్కూటరు మీద వెళ్ళారు. నా కళ్ళతో చూశాను. పెద్దత్తయ్య వెనక కూర్చుని దాని నడుం గట్టిగా పట్టుకున్నారు.”

“అయితే?”

“ఎక్కించొచ్చు అని నొక్కేశాను.”

“మందుగుండునీ యాసిడ్‌నీ.”

“ఒకే బండిలో.”

“మా అక్కయ్య రాజీపడితే మందుగుండు కూడా రాజీపడినట్టేనటే?”

“అక్కడ అంత ఆలోచన ఎక్కడొస్తుంది? తెర మీద ఒకటి, ఎనిమిది అని పడగానే నాకు ఆ స్కూటరే కనబడింది.”

“సరే, అయిందేదో అయింది. ఐదు చెప్పలేదు నువ్వు.”

“మీరు అడగలేదు.”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

“ఆక్సిడైజర్లు. తాము మండవు. తెల్లగా, శుభ్రంగా, ఒక మూల కూర్చుంటాయి. పక్కన మండేది ఏదైనా ఉంటే దానికి ఊపిరి పోస్తాయి.”

“అదెవరు?”

“ముక్కలు నల్లబడిపోతున్నాయి మామయ్యగారూ, నీళ్ళలో వెయ్యాలి.”

“అమ్మాయ్. నేనా?”

“మీరే.”

“నేనెప్పుడైనా ఈ ఇంట్లో గొంతు పెంచానా?”

“మీరెందుకు పెంచుతారు? ‘టైర్లకి గాలి కొట్టడానికి డిగ్రీ ఎందుకో’ అని మెల్లగా అని పేపరు తిప్పుతారు. గొంతు పెంచేది మీ అబ్బాయి.”

“వాడెన్నోది?”

“మూడు. పెట్రోలు.”

“అయితే మూడూ ఐదూ...”

“పక్కపక్కన పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే మధ్యలో ఎడం ఉంచాలి. ఆ ఎడం నేనే. మీరు చూసిపెట్టిన ఉద్యోగం మానేసి ఆయన టైర్ల షాపు పెట్టినప్పటినుంచీ, ఏడాదిన్నరగా మీ ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తింటున్నాను. ‘మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటివ్వమను’ అని మీరు. ‘మీ మామగారికి చేతుల్లేవా’ అని ఆయన. మిగతావి అటూ ఇటూ అయినా ఇదొక్కటీ నిద్రలో లేపి అడిగినా తప్పను. పైగా ఈమధ్య ఎక్కువ ప్రశ్నలు ఈ రెండింటి మీదే ఇస్తున్నారట.”

“దీన్ని ఇంకోలా గుర్తుపెట్టుకోకూడదూ?”

“ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే అంటే?”

“మనుషులు లేకుండా. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు.”

“రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చేయమంటారా? మామయ్యగారూ, ఇటు చూడండి. పొద్దున రెండు గంటలపాటు ఎక్కడికి వెళ్ళారు?”

“నడకకి.”

“స్కూటరేసుకుని నడకకా?”

“టైరులో గాలి తగ్గింది.”

“గాలి ఎక్కడ కొట్టించారు?”

“దగ్గర్లోనే.”

“దగ్గర్లో ఉన్నది ఒక్కటే షాపు.”

“అదే మరి.”

“ఆయన కొట్టారా?”

“ముందు మీటరు పెట్టి చూశాడు. ఎంత ఉందో చెప్పాడు, ఎంత ఉండాలో చెప్పాడు, అంతే కొట్టాడు. ఒక పాయింటు తేడా లేదు. తర్వాత స్టూలు తుడిచి వేశాడు.”

“మీరు కూర్చున్నారా?”

“మోకాళ్ళ నొప్పి కదా.”

“తర్వాత?”

“టీ తెప్పించాడు.”

“ఒకటా, రెండా?”

“రెండు.”

“మాట్లాడుకున్నారా?”

“కొంచెం.”

“ఎంత కొంచెం?”

“రెండు గంటలు.”

“అయ్యో మామయ్యగారూ. ఏడాదిన్నర ఆగినవాళ్ళు ఇంకొక్క రోజు ఆగలేకపోయారా? రేపు మూడు, ఐదు అని పడగానే నాకింక ఆ రెండు టీ గ్లాసులే కదా కనబడేది.”

“ఆగుదామనే అనుకున్నాను. గాలి కొట్టించుకుని వచ్చేద్దామనే వెళ్ళాను. వాడు భుజం మీది గుడ్డతో ఆ స్టూలు తుడుస్తుంటే ఆగలేకపోయాను.”

“ఇప్పుడు నేనేం చెయ్యను?”

“కళ్ళు తుడుచుకుని నిలబడు. వాణ్ణి నాకు వదిలెయ్, రేపు మధ్యాహ్నందాకా పలకరించొద్దని ఫోన్ చేసి చెబుతాను. ఇంక నీ సంగతంటావా, అక్కడ తెర ముందు కూర్చున్న ఆ గంటసేపు మాత్రం, అమ్మాయ్, నన్ను నిన్నటి మనిషిగానే గుర్తుపెట్టుకో.”