ఎడమ బటన్

స్టీలు డబ్బాలకి మూతలు కొట్టే షెడ్డులో భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లారు. ఆగిపోయిన ప్రెస్సు దగ్గర సూపర్‌వైజరూ, దాని మీద పనిచేసే అతని అత్తగారూ మిగిలారు.

“అత్తయ్యా, మీరే ఇలా మెషీను ఆపేసి కూర్చుంటే మిగతావాళ్లు నా మాట వింటారా?”

“ఈ ఎడమ బటన్‌కి టేపు ఎవరు అంటించారు అల్లుడుగారూ?”

“నేనే. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితే గాని ప్రెస్సు కిందికి దిగదు. అంతా ఆలస్యం. ఇప్పుడైతే ఎడమది టేపు కింద నొక్కుకునే ఉంటుంది, ఒక చేత్తో కుడిది నొక్కుతూ రెండో చేత్తో రేకు పెట్టుకోవచ్చు.”

“ఆహా, ఏం బుర్ర! చేతులు రెండూ బయటుంటే వేళ్లు నలగవని మెషీను చేసినవాడు బటన్లు రెండు పెట్టాడు. మీరేమో దెబ్బ తగలకముందే కట్టు కట్టేశారు.”

“జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదు.”

“అయితే మీరు కూర్చుని ఓ పది మూతలు కొట్టి చూపించండి.”

“నాకు ఆఫీసులో పనుంది.”

“ఎందుకుండదూ! పోనీ, మా అమ్మాయిని కూర్చోబెట్టండి. పక్క షెడ్డులో ప్యాకింగే కదా చేస్తోంది.”

“దాన్నెందుకు ఇందులోకి లాగుతారు?”

“చూశారా, మీ ఆవిడవి వేళ్లు. మావి బెండకాయలు.”



“సరే, ఆ టేపు పీకేయండి.”

“నేనెందుకు పీకుతాను? అంటించిన చేతులు మీకింకా రెండూ ఉన్నాయిగా. అందరూ భోంచేసి వచ్చాక, వాళ్లు చూస్తుండగా మీరే పీకండి.”