గేటు తీసే ఉంటుంది

శాంతి సేనలోకి తన దేశం పంపిన దళానికి ఆయన కమాండర్. ఆయన మాటను ఊళ్ళవాళ్ళకూ, ఊళ్ళవాళ్ళ మాటను ఆయనకూ చెప్పే దుబాసి ఆ అమ్మాయి. మర్నాడు పతకాల పరేడ్. ఇస్త్రీ చేసిన యూనిఫాం కుర్చీకి తగిలించి ఉంది గాని, ఆయనకు దానివైపు చూడబుద్ధి కావడం లేదు.

“ఒప్పుకుందా లేదా? ముందు అది చెప్పమ్మా.”

“రేపు పరేడ్‌కి వస్తానంది సార్ మా పెద్దమ్మ.”

“హమ్మయ్య. మరి ఆ మొహమేంటి, మాడిపోయినట్టు?”

“ఏం లేదు సార్.”

“అక్కడ రెండు ముక్కలు మాట్లాడితే చాలు. మీ సైనికులు మాకు అండగా ఉన్నారు, సంతోషం. అంతే. అన్ని దేశాల దళాల ముందూ జనరల్ గారు వింటారు. ఊరివాళ్ళ నోట ఒక్క మంచి మాట రాకపోతే మమ్మల్ని మూటాముల్లె సర్దుకోమంటారు.”

“అండగా... అనమంటారా సార్?”

“పోనీ, మందులిచ్చారు అనమను. బావి బాగుచేశారు అనమను. అది నిజమే కదా?”

“నిజమే సార్. బావి బాగుచేశారు.”

“అలా అనకు. దాడికి భయపడి జనం పరిగెత్తుకొచ్చిన ఆ రోజు గేటు తియ్యకూడదని నేననుకున్నానా? ఇక్కడ జనరల్ తియ్యమన్నా, మా దేశం నుంచి సరే అని రావాలి. ఫోన్ చేశాను. అక్కడ సెలవు రోజు. పెద్దాయన పడుకున్నారు, లేచాక కనుక్కుని చెప్తామన్నారు.”

“చెప్పారా సార్?”

“చెప్పారు. సాయంత్రం.”

“సాయంత్రానికి గేటు దగ్గర ప్రాణాలతో ఎవరున్నారు సార్?”

“నాకు తెలీదా? పక్క దళం వాళ్ళు ఎవర్నీ అడక్కుండానే వాళ్ళ గేటు తీశారు. వాళ్ళకీ పైనవాళ్ళు ఉన్నారు. అయినా తీశారు. నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగట్లేదమ్మా. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

“మరి పతకం సార్?”

“వద్దంటే, ఎందుకు వద్దని అడుగుతారు.”

“అడుగుతారు సార్.”

“సరే, రేపటి సంగతి చెప్పు. మీ పెద్దమ్మ తిడుతుందా?”

“మంచి మాట కోసమైతే రాదు సార్.”

“చూడమ్మా. ఆవిడ భాష జనరల్ గారికి రాదు. మా ఎవరికీ రాదు. ఆవిడ ఏమన్నా, నువ్వు... కాస్త మంచిగా చెప్పెయ్. తప్పే. తప్పని తెలిసే అడుగుతున్నాను.”

“ఇంకోసారా సార్?”

“ఇంకోసారేంటి?”

“జీపుకి మైకు కట్టి నన్ను ఊరూరా తిప్పారు కదా. ఏ ఆపదొచ్చినా శిబిరానికి వచ్చెయ్యండి, గేటు తీసే ఉంటుంది అని. మీరు చెప్పమన్నారు, నేను చెప్పాను.”

“అది మేమిచ్చిన మాట. తప్పింది మేము, నువ్వు కాదు. తిట్టాలనుంటే ఆవిణ్ణి నన్నే తిట్టమను. అందరి ముందూ నిలబడి పడతాను. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు, పో.”

“మిమ్మల్ని ఏమీ అనట్లేదు సార్. మీరేమన్నారో ఆవిడకి తెలీదు.”

“మరి?”

“మైకులో విన్నది నా గొంతే కదా. తన కూతుర్ని, మా అక్కని, పిల్లలతో మీ గేటు దగ్గరికి పెద్దమ్మ పంపింది ఆ గొంతు నమ్మే. రేపు ఆవిడ వచ్చేది నన్ను అడగడానికి సార్.”