డిస్కు లేని టవర్ సర్వరు

కోతలు కోసేవాళ్లను మీరు చాలామందినే చూసుంటారు. కానీ కోసేది సొంత బావే అయి, ఆ కోతల్లో మీ కొట్టు పరువు కూడా తెగిపడుతుంటే పైప్రాణాలు ఎలా పైనే పోతాయో ఈ ఫొటోగ్రాఫర్‌ను అడగాలి.

వాళ్ల అక్క మొగుడు టైల్స్ షాపులో బిల్లులు కొడతాడు. పనయ్యాక షాపుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడంటే ఇక ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. ఈమధ్య ఆయనకు కొత్త సరుకు దొరికింది. ఇంట్లోకి ఒక టవర్ సర్వరు కొన్నాడు. సర్వరంటే రాత్రీ పగలూ ఆగకుండా పనిచేసే గట్టి కంప్యూటరు. ఆ ఒక్క పెట్టెలోనే పది కంప్యూటర్లున్నట్టు ఏర్పాటు చేసుకుని ఒక్కోదానితో ఒక్కో పని చేయించుకోవచ్చట. వాటిని వర్చువల్ మెషీన్లంటారని బావ చెప్పగా విని ఇప్పుడు టీ కొట్టు అక్కకి కూడా నోటికొచ్చేసింది.

ఫొటోగ్రాఫర్ ఆ సాయంత్రం కోతలు వినడానికి రాలేదు. తన డిస్కు తీసుకుపోదామని వచ్చాడు. పోయిన వారం తన ఫొటోల కొట్లో కంప్యూటరు నిండిపోయి ఫొటోలన్నీ ఒక విడి డిస్కులోకి ఎక్కిస్తే, "ఆ డిస్కు నాకియ్యరా, నా సర్వర్లో మూడు కాపీలు దాచిపెడతా" అన్నాడు బావ. అందులో ఒక పెళ్లి ఫొటోలున్నాయి. బావ ఈపాటికి సర్వరుకి డిస్కులు కొనేసుంటాడనుకుని, ఆ మాట నమ్మి కెమెరా కార్డులు ఖాళీ చేసి ఇంకో పెళ్లికి వాడేశాడు. ఈలోగా ఆ పెళ్లికూతురి అమ్మమ్మ పోయింది. ఆ ముసలావిడ నవ్వుతుండగా తీసిన ఫొటోలు లోకం మొత్తం మీద ఆ డిస్కులోనే ఉన్నాయి. పొద్దున ఆ అమ్మాయి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆల్బం మెల్లగా చూద్దాం. ముందు మా అమ్మమ్మది ఒక్కటి పెద్దది చేసివ్వండి, రాత్రి కొట్టు మూసేలోపు వస్తాను" అంది. ఆ గొంతు విన్నాక ఇతనికి మధ్యాహ్నం అన్నం సయించలేదు.

బెంచీ దగ్గరికి రాగానే బావ అతని ఖాళీ చేతులు చూసి కనుబొమ్మలెగరేశాడు.

"రేపు తెస్తాలే బావా," అన్నాడు ఫొటోగ్రాఫర్, గొంతు తగ్గించి. కొట్లో పడున్న పాత మానిటరు ఒకటి ఇమ్మని బావ అప్పటికి రెండుసార్లు అడిగాడు. ఇతను రెండుసార్లూ మర్చిపోయాడు.

"సరేలే, కూర్చో. మంచి టైముకొచ్చావ్," అని, ఇతను డిస్కు మాట ఎత్తేలోపే బావ రిటైరైన లెక్కల మాస్టారి వైపు తిరిగాడు. "ఏం చెబుతున్నా? ఆఁ! సర్వరు కొనడమంటే చొక్కా కొన్నట్టు కాదు మాస్టారూ. షాపులోకెళ్లి, నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా చవకది చూపించవయ్యా అన్నా. వాడు నన్ను ఎగాదిగా చూసి, మూలన దుమ్ముకొట్టుకుపోయిన టవరొకటి చూపించాడు. సార్, ఇందులో డిస్కు కూడా ఉండదు, ఆలోచించుకోండి అన్నాడు. నాకు కావాల్సిందే అది అన్నా. వాడు బిత్తరపోయి చూశాడు. ఇంత తెలివైన గిరాకీ ఈ షాపు మెట్లెక్కడం ఇదే మొదటిసారి సార్ అని కుర్చీ వేశాడు."

కుర్చీ సంగతి తప్ప మిగతాది నిజమే. ఆ రోజు బావ స్కూటరు వెనకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఫొటోగ్రాఫరే.

"పెట్టె బరువు చూశారా, నలుగురు కూలీలు పట్టుకుని కదపలేకపోయారు. నేను ఇలా ఒంటిచేత్తో భుజానికెత్తుకుని మూడంతస్తులు ఎక్కేశా. ఇంకో చేత్తో ఫోన్ మాట్లాడుతూనే ఉన్నా!"

ఫొటోగ్రాఫర్ తన నడుం తడుముకున్నాడు. ఆ మూడంతస్తులూ ఎక్కించిన నొప్పి ఇంకా పోలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్విచ్చేశా. అంతే, లోపల ఫ్యాన్లు బుర్రుమని లేచాయి. మా కిటికీ పరదాలు నిటారుగా నిలబడ్డాయి. ఎదురింటివాళ్లు ఆరేసుకున్న బట్టలు ఎగిరిపోయి వెనక వీధిలో పడ్డాయి. పది నిమిషాలు కాలేదు, ఫోన్! ఎవరనుకున్నారు? విమానాశ్రయం వాళ్లు! సార్, మీ ఇంట్లోంచి వచ్చే చప్పుడికి మా పైలట్లు కంగారు పడుతున్నారు, మీ మేడనే రన్‌వే అనుకుని దిగిపోయేలా ఉన్నారు, దయచేసి కాస్త తగ్గించండి అని బతిమాలారు."

మాస్టారు ముక్కున వేలేసుకున్నారు. "హవ్వ! దిగిపోతే?"

"మాకేం వినపళ్లేదే," అంది టీ కొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"నీ స్టవ్వు చప్పుడికి నీకేం వినబడుతుందక్కా? సర్లే, అది వదిలేయ్. ఇక మెషీన్లు చేయడం మొదలెట్టా. ఒకటి ఇంటి పద్దులకి. ఒకటి పిల్లల చదువులకి. ఒకటి మా ఆవిడ సీరియళ్లకి. అలా ఒకే పెట్టెలో పన్నెండు! పన్నెండూ ఒకదాన్నొకటి చూసుకుని, అన్నా నువ్వెప్పుడొచ్చావ్ అని పలకరించుకుంటున్నాయి!"

పక్కనే స్పానర్ తుడుచుకుంటున్న మోటారు మెకానిక్‌కి ఇక్కడ అనుమానమొచ్చింది. "అన్నా, ఒక్క మాట. అందులో డిస్కే లేదన్నావ్. మరి ఈ పన్నెండూ ఎక్కడ కూర్చున్నాయి? సీటు లేని బండి మీద పన్నెండు మందిని ఎక్కించినట్టుంది."

బావ ఒక గుక్క టీ తాగాడు. ఇంకో గుక్క తాగాడు. ఆయన చూపు బెంచీ మీద అందరినీ దాటుకుంటూ వచ్చి బామ్మర్ది దగ్గర ఆగింది.

"డిస్కా? మా బామ్మర్ది డిస్కు లేదూ! వీడే ఇచ్చాడుగా పోయిన వారం. దాన్నే శుభ్రంగా తుడిచేసి లోపల బిగించా."

ఫొటోగ్రాఫర్ ముందుకు వంగాడు. "తుడిచేసి అంటే?"

"తుడిచేసి అంటే ఏంట్రా, గుడ్డపెట్టి అనుకున్నావా? మొత్తం చెరిపేశా! అందులో ఏవేవో ఉన్నాయిలే, ఒక్క దెబ్బకి ఖాళీ. అద్దంలా మెరిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత ఏమైందో ఫొటోగ్రాఫర్‌కి వినపడలేదు. చేతిలో టీ గ్లాసు ఒరిగి చొక్కా మీద ఒలికింది, కాలింది కూడా తెలియలేదు. మనవరాలి జుట్టు సర్దుతూ, కళ్లజోడు చేత్తో పట్టుకుని, నన్నెందుకు తీస్తావురా అబ్బీ అని కెమెరా వైపు నవ్విన ఆ ముసలావిడే కళ్లముందు కనపడింది. అద్దంలా మెరిసిపోయిందట! కాసేపట్లో ఆ పిల్ల కొట్టు ముందు నిలబడితే ఏం చెప్పాలి? మా బావ మీ అమ్మమ్మ మీద పన్నెండు మెషీన్లు కూర్చోబెట్టాడమ్మా అనా?

"బావా, ఆ పెళ్లి ఫొటోలు..."

"ఉండరా, మధ్యలో మాట్లాడకు, ఊపు పోతుంది. ఇప్పుడు అసలు సంగతి వినండి. పన్నెండో మెషీన్ లోపల ఇంకో మెషీన్ చేశా. దాని లోపల ఇంకోటి. దాని లోపల ఇంకోటి. ఎంత లోపలికి పోయానంటే, తిరిగి రావడానికి దారి తెలీక అక్కడే భోజనం వేళైపోయింది. అన్నిటికన్నా లోపలున్న దాంట్లో చూస్తే ఇంకా నిన్నటి తారీఖే నడుస్తోంది! ఒళ్లు జలదరించింది మాస్టారూ. ఎందుకంటే అక్కడ నేను కూర్చుని ఉన్నా. నిన్నటి నేను! ఎవరండీ మీరు అని అడిగాడు నన్ను!"

"ఓరి నాయనో!" అన్నారు మాస్టారు. "మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? రేపు షాపుకి తొందరగా వెళ్లు, మేనేజర్ కోపంగా ఉంటాడని చెప్పి పైకొచ్చేశా. వాడు విన్నాడు కాబట్టే ఇవాళ నాకు చీవాట్లు తప్పాయి!"

మెకానిక్ స్పానర్ కింద పెట్టేశాడు. ఫొటోగ్రాఫర్ మాత్రం లోపల లెక్కలేసుకుంటున్నాడు. విమానాల మాట అబద్ధం. నిన్నటి బావ మాట అబద్ధం. అయితే డిస్కు మాట కూడా అబద్ధమే అయ్యుండాలి. కానీ పెట్టె కొన్నమాట నిజం. అందులో డిస్కు లేదన్నమాట నిజం. మరి తన డిస్కు ఏ వరసలోకి వస్తుంది? మీ ఆయన నోరు విప్పితే అబద్ధాలేనే అని ఇన్నేళ్లుగా అక్కతో పోట్లాడినవాడు, ఈ ఒక్క మాటా అబద్ధమయ్యేలా చూడు దేవుడా అని మనసులోనే చేతులు జోడించాడు.

బావ మాత్రం బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. కోత పైకెక్కే కొద్దీ ఆయన కూర్చోలేడు.

"ఇంతలో పెద్ద కంపెనీ నుంచి ఫోన్. దేశంలో వాళ్లది తెలియనివాడు లేడు, పేరు చెబితే బాగోదు. సార్, మా కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా కూలబడ్డాయి, మీ దగ్గర ఖాళీగా ఒక మెషీనుంటే సర్దుతారా అని ఏడుపు. పోనీలే పాపం అని మా ఆవిడ సీరియళ్ల మెషీన్ ఇచ్చా. ఆ పూట రైళ్లు, బ్యాంకులు, ఆస్పత్రులు, వీధిలైట్లు అన్నీ మా మంచం కింద నుంచే నడిచాయి! మా ఆవిడ మంచం కింద చీపురు పెడితే రెండు రైళ్లు పట్టాలు మారిపోయాయి! ఊడవకే, జనం ఉన్నారే అని కేక పెట్టా..."

"బావా!"

ఆ అరుపుకి టీ కొట్టు అక్క కూడా గరిటె ఆపింది. ఫొటోగ్రాఫర్ లేచి నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"రైళ్లు ఎటన్నా పోనీ. నా డిస్కు నిజంగా తుడిచావా? నా బతుకు ఉందందులో. నువ్వు తుడవలేదని ఒక్క మాట చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటా."

బావ చుట్టూ చూశాడు. మాస్టారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. మెకానిక్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇప్పుడు తుడవలేదంటే పన్నెండు మెషీన్లూ, రైళ్లూ, నిన్నటి బావా అందరూ కలిసి బెంచీ మీంచి కింద పడతారు.

"నేను... నేను అబద్ధమాడతానట్రా? తుడిచా. మొత్తం చెరిగిపోయింది అని స్క్రీన్ మీద ఇంతింత అక్షరాలు పడితే నా కళ్లారా చూశా."

ఫొటోగ్రాఫర్ నెత్తి పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. కూలబడినవాడు అలాగే ఒక్క క్షణం ఉండి, మెల్లగా తలెత్తాడు.

"ఏ స్క్రీన్ మీద?"

"ఆఁ?"

"ఏ స్క్రీన్ మీద చూశావ్ బావా? నీ సర్వరు వెనకాల ఉన్నది పాత మానిటర్ల నీలం ప్లగ్గు పట్టే కన్నం ఒక్కటే. మీ ఇంట్లో టీవీకి అది పట్టదని నువ్వే నన్ను పాత మానిటరు అడిగావ్. ఆ మానిటరు ఇంకా నా కొట్లో పరదాల కింద పడుంది. నేను తేలేదు, నువ్వు పట్టుకెళ్లలేదు. మరి ఆ ఇంతింత అక్షరాలు గోడ మీద పడ్డాయా?"

పొంగిన పాలు స్టవ్వు మీద పడి చుయ్యిమన్నాయి.

మొదట నవ్వింది మెకానిక్. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి బెంచీ పట్టుకున్నాడు. "అంటే... పన్నెండు మెషీన్లకీ కళ్లు లేవన్నమాట!" మాస్టారు మాత్రం ఇంకా తేరుకోలేదు. "మరి ఆ రైళ్లు?" అని మెకానిక్‌ను పట్టుకుని అడుగుతున్నారు.

బావ సంచీలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. మూత తిప్పాడు. లోపల ఉతికిన చేతిరుమాల్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండ్ వేసి ఉంది, డిస్కు.

"ఇంట్లో పెడితే పిల్లలు ఎక్కడ కింద పడేస్తారో అని రోజూ షాపుకి మోసుకెళ్తున్నా," అన్నాడు, తల దించుకుని. "ఇది ఇంట్లో ఉంటే నిద్ర పట్టట్లేదురా. సర్వరు పక్కన పెట్టాలన్నా భయమేసింది. డబ్బాలో ఇదుందని అన్నం కాగితంలో కట్టించుకుని తింటున్నా వారం నుంచి."

ఫొటోగ్రాఫర్ ఆ రుమాలు మూటను రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. కళ్లు చెమర్చాయి. ఇంత భద్రంగా తనైనా దాచి ఉండడు. కొట్లో చూస్తే డిస్కులన్నీ సొరుగులో బ్యాటరీలతో కలిసి దొర్లుతుంటాయి. ఇంతసేపూ బావను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో తలుచుకుంటే సిగ్గేసింది.

మెకానిక్ మాత్రం వదిలేలా లేడు. "ఇంకేం, పదండి! ఆ మానిటరేదో ఇప్పుడే పట్టుకెళ్దాం. మాస్టారూ, మీరూ రండి. అన్నా వాళ్లింట్లో పన్నెండు మెషీన్లూ వరసగా చూద్దాం."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. సర్వరు స్విచ్చి ఎక్కడుందో కూడా ఇంకా తెలియనివాడి మొహమది. ఆయన బామ్మర్ది వైపు చూసిన చూపు అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు.

"ఆ మానిటరు పనికిరాదు," అన్నాడు ఫొటోగ్రాఫర్, లేచి తన స్కూటరు తాళాలు తీసుకుంటూ. "మధ్యాహ్నం పెట్టి చూశా. కాలిపోయింది."

అది పచ్చి అబద్ధం. చెప్పడం అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి కూడా. బావ ఆ చెవుల వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఛాతీ మెల్లగా పొంగింది. రెండు చేతులూ పైకి లేచాయి.

"చూశారా! చూశారా మాస్టారూ! నా సర్వరు ఇక్కడ, వీడి కొట్టు ఊరికి ఆ చివర! ఇంకా వైరు కూడా తగిలించలేదు, నేను మనసులో అనుకున్నానంతే, దాని దెబ్బకి అక్కడ మానిటరు భగ్గుమని కాలిపోయింది! మంటలు మేడంత ఎత్తు లేచాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసులే," అంది టీ కొట్టు అక్క, ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు లాక్కుంటూ. "అది కూడా నువ్వు కళ్లారా చూశావు."