రెండో జెండా

ఎవరి గురించీ? మా హెడ్లీ గురించా? అయితే ఆ కుర్చీ ఇలా లాక్కో బెరిల్. అది కాదు, దాని కాలు విరిగింది, మీ తాతే కూర్చుని విరగ్గొట్టాడు. ఏంటీ, క్లబ్బు కొత్త హాల్లో మా ఆయన పేరు మీద పలక పెడుతున్నారా? బతికుండగా ఒక్క కుర్చీ వెయ్యలేదు గానీ ఇప్పుడు గోడంతా ఇస్తారట. సరే, రాసుకో. హెడ్లీ ట్రెంబత్, టిన్‌పాట్ హిల్ జట్టుకి పద్నాలుగేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు, అదే, బంతి చేత్తో కూడా పట్టే మన ఆస్ట్రేలియా ఆట. ఒంట్లో విరగని ఎముక లేదు. ముక్కయితే మూడుసార్లు విరిగింది. మూడోసారికి తిన్నగా వచ్చింది, అందుకే పెళ్లి చేసుకున్నాను. ఇప్పటి కుర్రాళ్లూ ఎగురుతున్నారులే, కంచె దాటే కోడిపెట్టల్లా. హెడ్లీ అలా కాదు. బంతి కోసం అవతలివాడి భుజాల మీద మోకాళ్లు ఆనించి లేచాడంటే ఎక్కడో ఉన్న బెండిగో పట్నం పోస్టాఫీసు గడియారంలో టైము చూసి, కిందికి దిగి మాకు చెప్పేవాడు. నవ్వకు. ఒకసారి నాలుగు నిమిషాలు తేడా వచ్చింది, అది గడియారం తప్పు.

అదంతా పలక మీద పట్టదంటావా? పంతొమ్మిదొందల తొమ్మిది ఫైనల్ సంగతే కావాలా? అందరికీ అదే కావాలి. మా నాన్న జాబెజ్ పాస్కో నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయాడు. ఆదివారం చర్చిలో ప్రసంగం చెప్పేవాడు, శనివారం అంపైరు తెల్లకోటు వేసుకుని గోలు స్తంభాల మధ్య నిలబడేవాడు. అబద్ధమాడడని ఏరికోరి ఆ కోటు ఆయనకిచ్చారు. పక్కింటావిడ కొత్త టోపీ ఎలా ఉందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి, రెండేళ్లు ఆ ఇంటితో మాటల్లేకుండా చేసుకున్న మనిషి. ఆయన రెండు జెండాలూ ఊపాడా, గోలు, ఆరు పాయింట్లు. ఒక్కటే ఊపాడా, ఒక్క పాయింటు. బంతి పక్కకి పోయినా అంతే, స్తంభానికి కాస్త రాసుకున్నా అంతే. ఆవేళ మా ఊళ్లో పొయ్యి వెలిగిన ఇల్లు లేదు, అందరూ మైదానంలోనే. కుక్కలు కూడా. ఒక్క మా ఇంట్లోనే వెలిగింది, నాన్నకి పేస్టీ కావాలిగా, మాంసం, ఆలుగడ్డ దట్టంగా కూరి కాల్చిన రొట్టె. పొయ్యిలోంచి తీసి పరుగున తెచ్చాను, చేతులు బొబ్బలెక్కిపోతున్నాయి. కంచె అవతల స్తంభం మొదట్లో జెండాలు రెండూ ఆనించి ఉన్నాయి. నాన్న చూపంతా ఆట మీదే. కంచె సందులోంచి ఒకటి లాగి, ఆ గుడ్డలో పేస్టీ చుట్టాను. చల్లారాక పెట్టేద్దామనే. నిజంగా.

అప్పుడు నా పక్కన వచ్చి నిలబడ్డాడు మెల్‌బోర్న్ పెద్దమనిషి, ఏదో పెద్ద క్లబ్బు సెక్రటరీట. గుండ్రటి టోపీ, పొట్ట ముందొస్తే మనిషి కాసేపటికి వచ్చాడు. "ఈ ట్రెంబత్ కుర్రాడు ఇవాళ గెలిపిస్తే సోమవారం రైలెక్కిస్తాను. ట్రాముల్లో ఉద్యోగం సిద్ధంగా ఉంది" అన్నాడు ఎవరితోనో. తను పనిచేసే బంగారు గనిలోంచి బయటపడాలని హెడ్లీకి ఎంత ఆశనుకున్నావ్! "సూర్యుడు కనపడే ఉద్యోగం దొరికితే నడిచైనా పోతాను థర్జా" అనేవాడు. "మరి నా సంగతో?" అంటే "ఉత్తరాలు రాస్తాగా" అనేవాడు. ఎవరు, ఆయన! సంతకం పెట్టడానికే నాలిక బయటపెట్టే మనిషి.

మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. హెడ్లీ నలుగురి మీంచి ఎగిరి, గాల్లోనే బంతి పట్టాడు. అలా పట్టాక ఎవరూ ముట్టుకోకూడదు కదా. అంతలో ఆట ముగిసిన గంట మోగింది. మోగితేనేం, బంతి పట్టినవాడు తీరిగ్గా తన్నుకోవచ్చు. పదివేలమంది కళ్లూ ఆయన మీదే. పేస్టీ ఎప్పుడో చల్లారింది. జెండా పెట్టెయ్యాలంటే చెయ్యి చాపితే చాలు. చాపలేదు. దాని మీద కూర్చున్నాను. ఆ రోజుల్లో పావడాలు ఎంత వెడల్పనుకున్నావ్, గుర్రాన్ని దాచొచ్చు.

బంతా? నట్టనడిమి నుంచి పోయింది. నాన్న వంగి ఒక జెండా తీశాడు. రెండోదానికి గడ్డిలో తడిమాడు, కోటు జేబుల్లో కూడా తడిమాడు. చర్చి పెద్దలంతా చూస్తున్నారు. జెండా పోగొట్టుకున్నానని ఆ మనిషి ఎలా చెప్తాడు? "స్తంభానికి రాసుకుంది!" అని అరిచి ఒక్కటే ఊపాడు. జీవితం మొత్తానికి ఒకే ఒక్క అబద్ధం, అదీ రోజూ ఆడేవాడంత శుభ్రంగా ఆడాడు. పాస్కో అన్నాక ఇంక వాదనేముంది? అవతలి జట్టు, ఈగిల్ రీఫ్ వాళ్లు, నోళ్లు తెరుచుకుని మరీ గెలిచారు. గుండ్రటి టోపీ "పాపం, తడబడ్డాడు" అనేసి రైలెక్కింది.

మరుసటేడు మా పెళ్లయింది. ఇక ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అదే గొడవ. "మామయ్యా, స్తంభం మోగలేదు." "మోగింది బాబూ, నువ్వు దూరాన ఉన్నావు." "ఇంకో ముక్క వేసుకోండి" అనేదాన్ని నేను. నాన్న నా వంక చూసేవాడు కాదు. ఇంటికొచ్చినవాళ్లని మా ఆయన మైదానానికి ఈడ్చుకెళ్లి, కర్రతో ఆ స్తంభం మీద కొట్టి "ఈ చప్పుడు ఆవేళ విన్నారా?" అని అడిగేవాడు. చివరికి పాత స్తంభాలు పీకేస్తుంటే అడిగి తెచ్చుకుని పెరట్లో పాతాడు. అదిగో, బట్టల తీగ కట్టింది దానికే.

గనిలో ఇంకో ఇరవై ఏళ్లు చేశాడు. ఊపిరితిత్తుల్ని తినేసే ఆ రాతిదుమ్ము సంగతి నీకు తెలుసుగా, మీ తాతనీ అదే తీసుకుపోయింది. ఆఖర్లో ఆ స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. అక్కణ్ణించి ఈ తలుపు దాకా రావడానికి మూడుసార్లు ఆగేవాడు. పెంచి చెప్పడం లేదు. మూడుసార్లు. "మోగలేదే థర్జా" అన్నాడు ఒకరోజు, మెల్లిగా. "మా నాన్న అబద్ధమాడడు" అన్నాను.

ఏం రాశావ్, చదువు. "స్తంభానికి తగలడంతో త్రుటిలో…" అనా? కొట్టెయ్. స్తంభం మోగలేదని రాయి. అంతే రాయి. ఎవరు చెప్పారంటే భార్య చెప్పిందను… ఊఁ. అదేంటి, తినకుండా అలా చూస్తావేం? పేస్టీ చల్లారిపోతోంది. దాన్ని చుట్టిన గుడ్డ మాత్రం పారెయ్యకు, ఇలా ఇచ్చెయ్. అంచున కర్ర దూర్చే కుట్టు ఇంకా గట్టిగానే ఉంది. మీ అమ్మ మోకాలెలా ఉంది?