బయటి గొళ్ళెం

నారిన్ కొండల్లో గొర్రెల కాపర్ల ఊరు. పెరట్లో సంవత్సరీకం భోజనాలు జరుగుతున్నాయి. ఇంటి వెనక కొట్టుగదిలో, పిండి బస్తాల పక్కన ముసలాయన పడున్నాడు. కోడలూ, అంబులెన్సులో వచ్చిన నర్సూ ఆయన మీదికి వంగి ఉన్నారు.

“పేరు చెప్పు అమ్మాయ్. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడేమో చూడాలి.”

“నేను చెప్పకూడదక్కా.”

“ఏం, ఎందుకు చెప్పకూడదు?”

“మా మామగారు. కోడలు మామగారి పేరెలా తీస్తుంది? మీవైపు తీస్తారా?”

“మావైపూ తియ్యరు. మనిషి పోయేట్టుంటే తీస్తారు. ఫోన్లో పేరడిగితే ‘ఒక పెద్దాయన’ అన్నది నువ్వేనా?”

“నేనే. బురుల్ అంటారు నన్ను.”

“నీ పేరు చెప్తావు, రోగి పేరు చెప్పవు. అంబులెన్సేమో గడ్డివామి వెనక ఆపమన్నావు. సరే, టార్చి ఇలా పట్టుకో. పెద్దాయనా! కళ్ళు తెరువు. పెద్దాయనా!”

“ఎవతివే నువ్వు?”

“హమ్మయ్య, తిట్టే ఓపికుంది. నర్సుని. తొతుయా నా పేరు. నీ పేరేంటి?”

“మా ఆవిణ్ణి అడుగు.”

“ఎక్కడుంది మీ ఆవిడ?”

“అదుగో. టార్చి పట్టుకుని నిలబడింది. ఏమేవ్, ఈవిడకి టీ ఇచ్చావా లేదా?”

“అక్కా, నన్ను చూసి అత్తయ్య అనుకుంటున్నారు.”

“అత్తయ్య ఏదీ?”

“బయట జరిగే సంవత్సరీకం ఆవిడదే.”

“ఓహో. ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది ఈయనకి. ఈ గొర్రెతోలు కోటు ఎవరు కప్పారు?”

“మా ఇంటాయన. చలేస్తుందని.”

“మరి ఈ కొట్టులో ఎందుకు పడుకోబెట్టారు?”

“ఇక్కడైతే కాస్త చల్లగా ఉంటుందని...”

“చలేస్తుందని కోటు, చల్లగా ఉంటుందని కొట్టు. బాగుంది. తాగాడా?”

“మావయ్య తాగరక్కా. ఎప్పుడో మానేశారు. అందరూ తాగారనే అన్నారు గానీ...”

“బస్తా వెనక ఆ వోడ్కా సీసా?”

“అది మా ఇంటాయన దాచుకున్నది. చూడండి, మూతైనా తియ్యలేదు. ఇవాళ్టి భోజనాల్లో చుక్క ఉండకూడదని ముల్లాగారు గట్టిగా చెప్పారు.”

“నోట్లో వాసన లేదులే, వంగినప్పుడే చూశాను. వేలు ఇలా పట్టు. సుగరుందా ఈయనకి?”

“ఉంది. రోజూ పొద్దున్నే పొట్టమీద సూది వేసుకుంటారు.”

“ఇవాళ?”

“వేసుకున్నారు.”

“వేసుకుని ఏం తిన్నాడు?”

“భోజనాల హడావుడక్కా. గుర్రాన్ని కోయడం, పొయ్యిలు పెట్టడం, గుడారాల్లో దుప్పట్లు పరవడం...”

“పొయ్యిల సంగతి కాదు. ఈయన ఏం తిన్నాడు?”

“ఏం తింటారు? పొద్దున్నుంచీ గుమ్మం ముందు కర్ర పట్టుకుని నిలబడ్డారు. గుర్రం దిగిన ప్రతివాళ్ళకీ ఎదురేడవాలి కదా, గొంతెత్తి ఏడుస్తూ లోపలికి పిలవాలి. వాళ్ళు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు తినందే ఇంటి పెద్ద ముట్టకూడదు.”

“ఒకటిన్నర.”

“ఏంటక్కా?”

“సుగరు. ఈ మిషన్ లెక్కలో నాలుగన్నా ఉండాలి. ఇది తాగినవాడి వాలకం కాదు తల్లీ. ఒంట్లో చక్కెర ఖాళీ అయినవాడి వాలకం.”

“చక్కెర జబ్బంటే చక్కెర ఎక్కువుంటుందనేగా?”

“సూది వేసుకుని తినకపోతే ఉన్నది కూడా పోతుంది.”

“అయితే టీ పట్టనా? తేనె కలిపి?”

“పట్టకు. మింగే స్థితిలో లేడు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇందాక ఏమన్నా పోశావా?”

“గుర్రంపాలు ఓ గుక్క పొయ్యబోయాను. దగ్గొచ్చింది. ఆపేశాను.”

“ఆపి బతికించావు. నరంలోకి ఎక్కిస్తాను. చెయ్యి కదలకుండా పట్టుకో.”

“మావయ్య చెయ్యా?”

“కాదు, మీ ముల్లాగారిది. పట్టుకోవే!”

“ఏమేవ్.”

“ఆఁ, మావయ్యా.”

“బయట మాంసం వాసనొస్తోంది. ఎవరి గుర్రాన్ని కోశారు?”

“మన ఎర్ర గుర్రాన్నే.”

“ఎందుకు? ఎవరు పోయారు?”

“అక్కా, ఏం చెప్పను?”

“ఏదో ఒకటి చెప్పు. నిద్రపోనివ్వకు.”

“ఎవరో... దూరపు చుట్టాలు, మావయ్యా.”

“దూరపు చుట్టానికి నా ఎర్ర గుర్రమా? నీ పుట్టింటివాళ్ళై ఉంటారు. వాళ్ళకైతే చెయ్యి ధారాళం నీకు. హహ్హ! నీ పుట్టింటివాళ్ళు చచ్చినా మన గుర్రమే కావాలి!”

“నవ్వుతున్నారక్కా. గుమ్మం దగ్గరా ఇంతే. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేశారు. మా ఆడపడుచు మామగారి టోపీ లాగి గొర్రెకి పెట్టారు. అత్తయ్య తరఫువాళ్ళంతా అక్కడే ఉన్నారు. అప్పుడు మా ఇంటాయనా, ఆయన స్నేహితులూ రెక్కలు పట్టుకుని...”

“ఇక్కడికి ఈడ్చుకొచ్చారు.”

“తీసుకొచ్చారు.”

“ఈ ముసలాళ్ళ నరాలు... జారిపోయింది. చేతికి కట్టిన తాడు ఇంకాస్త బిగించు. కళ్ళు మూసేస్తున్నాడు, పిలువు!”

“మావయ్యా! మావయ్యా!”

“పలకట్లేదు. పేరు పెట్టి పిలువు.”

“మావయ్యా, లేవండి! మావయ్యా!”

“ఊళ్ళో సగంమంది మావయ్యలే. పేరు పెట్టమంటే!”

“నా నోటివెంట రాదక్కా. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ ఒక్కసారైనా అనలేదు.”

“అయితే టార్చి ఆర్పేసి నువ్వూ నేనూ ఏడుద్దాం రా.”

“తుర్దాకున్.”

“నాకే వినపడలేదు.”

“తుర్దాకున్! తుర్దాకున్, లేవండి! తుర్దాకున్!”

“ఊఁ.”

“పలికాడు. ఆపకు. దొరికింది నరం. పోతోంది లోపలికి.”

“తుర్దాకున్... తుర్దాకున్...”

“ఊఁ... ఊఁ. అరవకు. చెవులున్నాయి నాకు.”

“చాల్లే బురుల్. కళ్ళు తుడుచుకో. పెద్దాయనా, నన్ను చూడు.”

“ఎవరు పిలిచారు నన్ను?”

“...నేనే. నర్సుని.”

“నా పేరు నీకెలా తెలుసు? ఈ ఇంట్లో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు.”

“ఫోన్లో చెప్పారు.”

“ఫోన్లో చెప్పేవాళ్ళూ లేరు. కోడలి గొంతులా ఉందే.”

“నా గొంతూ అలాగే ఉంటుంది. ఇవాళ ఏ రోజో చెప్పు.”

“సైరకన్ పోయి ఏడాదైన రోజు.”

“ఆవిడెవరు?”

“నా పెళ్ళాం. ఇంకేమడుగుతావు? సూర్యుడెటు పొడుస్తాడనా? సుగరు పడిపోయింది, అంతేగా. అర్థమైంది. లేవనీ.”

“లేవకు. ఇప్పుడు మింగగలవు. బురుల్, టీ తే. చక్కెర బాగా వెయ్యి. రొట్టె కూడా.”

“ఇక్కడే పెట్టుకున్నానక్కా. ఇదిగో.”

“వచ్చినవాళ్ళు లేచారా?”

“లేదు మావయ్యా. మాంసం పంచుతున్నారు.”

“అయితే నాకొద్దు.”

“తినాలి పెద్దాయనా. నేనెక్కించింది కాసేపే ఆగుతుంది. పొద్దుటి మందు ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. తినకపోతే మళ్ళీ పడతావు. నీ ఆచారం నా దగ్గర చెల్లదు.”

“నీకు మొగుడున్నాడా?”

“ఉన్నాడు.”

“పాపం.”

“తిను.”

“తింటున్నానుగా. చక్కెర మరీ ఎక్కువేసింది ఇది. నేనేం చేశాను బయట?”

“ఏం లేదు మావయ్యా.”

“ఏం లేకపోతే పిండి బస్తాల మధ్యకెందుకొచ్చాను? నవ్వానా?”

“కొంచెం.”

“టోపీ గుర్తొస్తోంది. గొర్రె గుర్తొస్తోంది. అది నిజమేనా?”

“నిజమే.”

“గొర్రెకి నప్పింది. వియ్యంకుడికి ఎప్పుడూ నప్పలేదది. తాగాననుకున్నారా అందరూ?”

“ఆఁ.”

“ముల్లా కూడా?”

“ఆయన లేచి వెళ్ళిపోబోతే బతిమాలి కూర్చోబెట్టారు.”

“బతిమాలడం దేనికి? వెళ్ళనివ్వాల్సింది. ఓ ఎముక మిగిలేది.”

“వాళ్ళకి నేను చెప్తాను పెద్దాయనా. ఇప్పుడే వెళ్ళి ఆ గుడారాల మధ్య నిలబడి చెప్తాను. ఈయన తాగలేదయ్యా, జబ్బు మనిషి. కొట్టులో పడేసి గొళ్ళెం పెట్టి మీరు మాంసం తింటున్నారు. ఇంకాసేపైతే రెండో గుర్రాన్ని కోయాల్సొచ్చేది అని.”

“అక్కా, వద్దు.”

“ఏం గొళ్ళెం?”

“ఏం లేదు మావయ్యా, టీ చల్లారిపోతుంది.”

“నర్సమ్మా, ఏం గొళ్ళెం?”

“ఈ తలుపుకి, బయటి గొళ్ళెం. నేనొచ్చాక ఈ పిల్ల నా ముందే తీసింది.”

“ఎవరు పెట్టారు?”

“నేనే మావయ్యా.”

“పొద్దున్నుంచీ సమోవార్ దగ్గర టీ పోస్తున్నావు నువ్వు. గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. అంతమందిని వదిలి ఎప్పుడొచ్చి పెట్టావు?”

“అయితే గాలికి పడుంటుంది.”

“దాన్ని బిగించింది నేను. తియ్యాలన్నా పెట్టాలన్నా రెండు చేతులు కావాలి. గాలికి చేతులున్నాయా?”

“తలుపు పాతదైపోయింది మావయ్యా...”

“వాడేనా, మీ ఆయన?”

“మళ్ళీ బయటికొచ్చి నవ్వుతారేమోనని భయపడ్డారు మావయ్యా. అంతే. అత్తయ్య అన్నదమ్ములు చూస్తున్నారని.”

“తాగాననుకున్నాడా?”

“అందరూ అనుకున్నారుగా.”

“అందరి సంగతి కాదు. వాడు. ఇది తాగుడు కాదని వాడికి తెలుసా?”

“రొట్టె ఇంకొంచెం...”

“బురుల్. నిన్నేమీ అనను. తెలుసా?”

“చెప్పాను నేను. వాసన లేదు, ఒళ్ళు చెమటలు పోస్తోంది, ఇది జబ్బే, ఫోన్ చేద్దామన్నాను.”

“ఏమన్నాడు?”

“భోజనాలయ్యాక చూద్దామన్నారు.”

“ఊఁ.”

“అందరి ముందూ అంబులెన్సొస్తే బాగుండదన్నారు. ఆయన అటు వెళ్ళాక నేను దొంగచాటుగా చేశాను. నేను చేశానని ఆయనకింకా తెలీదు.”

“ఊఁ. ఇంకో ముక్క ఇవ్వు రొట్టె.”

“ఏంటి పెద్దాయనా, ఇంతేనా నువ్వనేది? ఏడుపన్నా రాదా నీకు?”

“పొద్దున్నుంచీ గుమ్మంలో అదే పని చేశాను. అయిపోయింది.”

“వేలు ఇటివ్వు. ఆరున్నర. బాగానే ఎక్కింది. ఇక ఆస్పత్రికి పద. ఈ రాత్రికి అక్కడే ఉండాలి, మళ్ళీ పడిపోకుండా చూడాలి. వెళ్ళేముందు బయట నేను చెప్పాల్సింది చెప్పే వస్తాను.”

“చెప్తే ఏమవుతుంది?”

“నీ పరువు నిలబడుతుంది. పెళ్ళాం సంవత్సరీకంలో తాగి నవ్వాడన్న మాట పోతుంది.”

“వాడి పరువో?”

“పోతుంది. పోవాలి కూడా.”

“అక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నా కాళ్ళెందుకు? ఈయన్ని అడుగు. చచ్చిపోబోయింది ఈయన.”

“నర్సమ్మా, మీ ఊళ్ళో గొర్రెల్ని ఎవరు కాస్తారు?”

“ఇప్పుడదెందుకు? ఇళ్ళవాళ్ళు వంతులేసుకుంటారు.”

“ఇక్కడా అంతే. బతికున్న తండ్రికి గొళ్ళెం పెట్టినవాడని తెలిస్తే వాడి గొర్రెల్ని ఎవడూ మందలో కలపడు. వాడి పెళ్ళాం చేతి టీ ఎవడూ తాగడు. వాడి కూతురికి సంబంధం రాదు. మనవడి దాకా అదే పేరు పెట్టి పిలుస్తారు. తాగి నవ్విన ముసలాడి సంగతంటావా? ఆ ముసలాడు పోతే ఆ మాటా పోతుంది. దానికెంతో కాలం పట్టదు.”

“అయితే క్షమించేశావన్నమాట.”

“ఎవరన్నారు? నేను చచ్చేదాకా క్షమించను. చచ్చాక గుమ్మంలో నిలబడి ఎదురేడ్చే పని వాడిది. ఏడవనీ, అప్పుడూ క్షమించను. అది వాడికీ నాకూ మధ్య. బయట తింటున్నది సైరకన్ తిండి. దాని తిండి తింటూ దాని కొడుకుని కాకుల్లా పొడవడానికి వీల్లేదు.”

“నీ ఇష్టం. ఇంత మొండివాణ్ణి ఎక్కడా చూడలేదు. బురుల్, ఆ పక్క పట్టుకో. గడ్డివామి వెనక బండుంది. వెనకనుంచి వెళ్దాం, ఎవరికీ కనపడకుండా.”

“వద్దు. గుడారాల ముందునుంచే వెళ్తాను.”

“కాళ్ళు నిలవట్లేదు నీకు. తూలతావు.”

“తూలాలి.”

“ఏంటి?”

“చక్కగా నడిస్తే జబ్బేమో, పాపం, కొట్టులో ఎవరు మూశారో అని ఆరా తీస్తారు. కోడలా.”

“ఆఁ, మావయ్యా.”

“ఇందాక పిలిచింది నువ్వేనని నాకు తెలుసు. ఫరవాలేదు. బస్తా వెనక మీ ఆయన సీసా ఉంటుంది, అందుకో. మూత తీసి నా కోటు మీద పొయ్యి. కాలర్ దగ్గర బాగా పొయ్యి, ముల్లాదాకా వాసన వెళ్ళాలి.”